తూర్పు వైపు రెండు పిల్లర్లు

ఖానాపూర్ దాటి కొంత దూరం పోతే వాగు పక్కన ఒక చిన్న ఊరు ఉంది. ఆ ఊళ్లో క్రైస్తవ సంఘం వాళ్లకు ఒక ప్రార్థన మందిరం ఉండేది. కూలి పని చేసుకునే కుటుంబాలు కట్టుకున్న మందిరం. దాన్ని నా రిపోర్టు చూసి కూల్చేశారు. కూల్చాల్సిన అవసరం లేని కట్టడం అది. ఆ సంగతి అందరికన్నా ముందు నాకే తెలిసింది. తెలిసి కూడా ఏడాది పైన నోరు విప్పలేదు.

నాది కాంక్రీటునూ ఇనుమునూ పగలగొట్టకుండా పరీక్షించే పని. కరీంనగర్‌లో ఒక చిన్న సంస్థలో చేరాను. మాది వేములవాడ దగ్గర నేత పని వాళ్ల ఇల్లు. బాపు, అంటే మా నాన్న, సాంచాల మీద పని చేసేవాడు. మరమగ్గాలను మా దగ్గర అట్లాగే అంటారు. అమ్మను అవ్వ అంటాం, ఆమె బీడీలు చుట్టేది. నేను పాలిటెక్నిక్ చదివి, హైదరాబాద్‌లో అల్ట్రాసోనిక్ పరీక్షల శిక్షణ తీసుకుని, సర్టిఫికెట్ పట్టుకుని వచ్చినప్పుడు బాపు దాన్ని సాంచాల షెడ్డుకు తీసుకుపోయి అందరికీ చూపించాడు. ఆ కాగితం మీద ఆయన వేళ్ల నూనె మరక ఇప్పటికీ ఉంది. అప్పట్లో ఆ మరక చూసి నాకు కోపం వచ్చింది.

మొదట్లో నన్ను గోదావరి ఒడ్డున ఉన్న ఒక కరెంటు కర్మాగారంలో పైపుల అతుకులు చూడటానికి పంపేవాళ్లు. ఇనుముతో పని తేలిక. మనిషి చెవికి వినపడని ధ్వనిని లోపలికి పంపితే అది తిన్నగా పోతుంది. ఎక్కడైనా పగులు ఉంటే తగిలి వెనక్కి వస్తుంది. తెర మీద ఒక గీత లేస్తుంది. కొన్నాళ్లకే నాకు ఆ గీతలు చదవడం బాగా వచ్చేసింది, దానితో పాటు కొంచెం పొగరు కూడా వచ్చింది.

కాంక్రీటు అట్లా కాదు. అందులో కంకర ఉంటుంది, ఇసుక ఉంటుంది, సిమెంటు ముద్ద ఉంటుంది, ఇనుప చువ్వలు ఉంటాయి, ఎక్కడో తేమ ఉంటుంది. ధ్వని ప్రతి రాయి దగ్గరా చెదిరిపోతుంది. అందుకని పిల్లరుకు ఒక వైపు ఒక బిళ్లనూ, ఎదురు వైపు ఇంకో బిళ్లనూ గ్రీజు రాసి ఆనించి, ధ్వని ఇటు నుంచి అటు పోవడానికి ఎంత సమయం పట్టిందో కొలుస్తాం. త్వరగా పోతే లోపల గట్టిగా ఉన్నట్టు. ఆలస్యం అయితే ఖాళీలు చుట్టి పోయినట్టు. అయితే బిళ్ల నేరుగా కాంక్రీటుకే ఆనాలి. మధ్యలో కాగితమంత సందు ఉన్నా, ఆ సందులో గాలి ఉన్నా, యంత్రం తప్పు లెక్క చెబుతుంది. పైన ఉన్న ప్లాస్టరు చెక్కేసి పరీక్షించాలి. ఇది మొదటి రోజు నేర్పే పాఠం.

ఆ మందిరం దగ్గరికి నేను మే నెలలో పోయాను. దగ్గర్లో రోడ్డు కోసం రాళ్లు పేల్చాక స్లాబు కింద బీముకు సన్నటి పగుళ్లు వచ్చాయట. పిల్లల్ని లోపల కూర్చోబెట్టడానికి సంఘం వాళ్లు భయపడ్డారు. నిర్మల్ నుంచి వచ్చిన ఇంజనీరు ఆ బీమును మోసే పిల్లర్లను ఒకసారి పరీక్ష చేయించమన్నాడు. బస్సు దిగేసరికి పాస్టరు గారు మోటార్ సైకిల్ పట్టుకుని నిలబడి ఉన్నారు. యంత్రం పెట్టెను ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చున్నాను.

మందిరం ముందు ఒక ముసలాయన నిచ్చెన, సుత్తి, ఉలి సిద్ధం చేసుకుని నిలబడ్డాడు. తెల్ల చొక్కా వేసుకున్నాడు, పనికి వచ్చినట్టు లేడు. పాస్టరు గారు పరిచయం చేశారు.

"ఈయన్నే మేస్త్రి. ఇరవై ఏండ్ల కింద గీ మందిరం ఈయన్నే కట్టిండు. సంఘంల పెద్దమనిషి. ఆదివారం వాక్యం చదివేది గూడ ఈయన్నే."

"వందనాలు మేడం," అన్నాడు మేస్త్రి. "ఎక్కడ కొట్టాల్నో చెప్పుండ్రి, నేను కొడ్త."

మొత్తం ఎనిమిది పిల్లర్లు. ఒక్కొక్క దానికి ఎదురెదురు ముఖాల మీద కింద, మధ్యలో, పైన గుర్తులు పెట్టాను. ఆయన ఉలితో ప్లాస్టరు చెక్కి కాంక్రీటు కనిపించేదాకా తుడిచి ఇచ్చాడు. ప్లాస్టరును ఆయన గిలాబు అనేవాడు. చెక్కిన ప్రతి చోటా వేలితో తడిమి చూసుకునేవాడు. తాను కట్టింది తానే చెక్కడం ఆయనకు కష్టంగా ఉందని నాకు అర్థమైంది గానీ నేను పట్టించుకోలేదు. మధ్యాహ్నం రెండు దాటేసరికి ఆరు పిల్లర్లు అయ్యాయి. ఆరూ బాగున్నాయి.

తూర్పు వైపు రెండు మిగిలాయి. వాటి మీద ఈస్టరుకు ఆడవాళ్లూ పిల్లలూ రంగులతో ద్రాక్ష తీగలూ వాక్యాలూ రాసుకున్నారు. చెక్కితే బొమ్మ పోతుంది. పాస్టరు గారి భార్య వచ్చి మెల్లగా అడిగింది.

"ఇవి గూడ కొట్టాల్నా అమ్మా? పిల్లలు మస్తు కష్టపడి ఏసిన్రు."

కొట్టాల్సిందే అని చెప్పాలి. కానీ ఆ రోజు సాయంత్రం కరీంనగర్‌లో నా స్నేహితురాలి కూతురు పుట్టినరోజు. కొత్త చీర కొనుక్కుని, దానికి జాకెట్టు కుట్టించుకుని సిద్ధంగా పెట్టుకున్నాను. మూడు గంటల బస్సు తప్పిపోతే ఆ విందు పోయినట్టే. ఎండకు తల పగిలిపోతోంది. ఆమె అడిగిన మాట నాకు సాకుగా దొరికింది.

"సరే, వీటికి వద్దులే," అన్నాను, ఆమె మీద దయ చూపిస్తున్నట్టు. రంగు మీదే గ్రీజు రాసి బిళ్లలు ఆనించాను.

లెక్క తప్పింది. ధ్వని చాలా ఆలస్యంగా వచ్చింది. పైన పెట్టినా, కింద పెట్టినా అంతే. కొన్ని చోట్ల అసలు రాలేదు. అప్పుడు నాకు కలిగింది అనుమానం కాదు, సంతోషం. నిజం చెబుతున్నాను, సంతోషమే. అంతకు ముందు నెలలో ఒక నీళ్ల ట్యాంకు కాలులో ఖాళీ పట్టుకున్నానని మా సంస్థ నడిపే సారు అందరి ముందూ మెచ్చుకున్నారు. ఇంకోటి దొరికింది అనుకున్నాను.

మేస్త్రి నా మొహం చూశాడు. పిల్లరు దగ్గరికి వచ్చి వేలి కణుపుతో రెండు మూడు చోట్ల తట్టాడు.

"గిలాబు లేసింది మేడం," అన్నాడు. "డొల్ల సప్పుడు వస్తున్నది ఇనుండ్రి. వాన కొట్టేది గీ దిక్కే. లోపల గట్టిగనే ఉంటది. జర ఒక్క జాగల కొట్టి సూద్దాం."

పాస్టరు గారు, ఆయన భార్య, ఇంకో నలుగురు అక్కడే ఉన్నారు. వాళ్ల ముందు ఒక మేస్త్రి నాకు నా పని చెప్పడం నాకు నచ్చలేదు.

"మేస్త్రి గారూ, ఇది చెవులతోని చూసే పని కాదు," అన్నాను. "మిషన్ చూస్తది. మీరు జర పక్కకు జరుగుండ్రి."

ఆయన చేయి వెనక్కి తీసుకున్నాడు. నేను పెట్టె సర్దుకుంటుంటే నిచ్చెన మడిచి భుజాన పెట్టుకుని వెళ్లిపోయాడు. మూడు గంటల బస్సు నాకు అందింది. విందుకు కూడా పోయాను. అక్కడ ఇద్దరు ముగ్గురికి ఈ పిల్లర్ల సంగతి గొప్పగా చెప్పాను కూడా.

మర్నాడు రిపోర్టు రాశాను. మా రిపోర్టుల్లో ముందే అచ్చు వేసి ఉంచిన ఒక వాక్యం ఉంటుంది: పరీక్షించిన అన్ని చోట్లా ప్లాస్టరు పూర్తిగా తొలగించాము. నేను దాన్ని కొట్టేయలేదు. మా సారు సంతకం పెట్టే ముందు చదివి తలెత్తారు.

"గీ రెండు పిల్లర్లు గింత ఖరాబున్నయా? మిగతా ఆరు మంచిగున్నయి గదా. గిలాబు తీసే చూసినవా?"

"తీసిన సార్."

"ముక్క కోసి చూద్దామా మరి?"

అనుమానం ఉంటే చిన్న గొట్టంతో కాంక్రీటు ముక్క కోసి చూడటం మా పద్ధతి. ముక్క కోస్తే నేను ప్లాస్టరు తీయలేదన్న సంగతి బయటపడుతుంది.

"అవసరం లేదు సార్. క్లియర్‌గ ఉన్నది," అన్నాను.

సారు నా మాట నమ్మి సంతకం పెట్టారు. ఎర్ర రంగు గళ్లతో రిపోర్టు పోయింది. తూర్పు వైపు రెండు పిల్లర్లలో కాంక్రీటు నమ్మదగినది కాదు, లోపల ఖాళీలు ఉండే అవకాశం ఎక్కువ, కట్టడాన్ని వాడవద్దు. ఈ వాక్యాలు నావే. ఇంజనీరు దాన్ని చూసి, మరమ్మతు కన్నా కూల్చి కట్టుకోవడమే మంచిదన్నాడట.

వానాకాలం అయిపోయాక ఆదిలాబాద్ వైపు ఒక ఫ్యాక్టరీలో పని పడింది. తిరిగి వస్తూ, కారు డ్రైవరును ఖానాపూర్ మీదుగా పొమ్మన్నాను. ఎందుకంటే చూడాలనిపించింది. నా వల్ల ఒక ప్రమాదం తప్పింది కదా, వాళ్లు నన్ను గుర్తుపడతారు కదా అనుకున్నాను.

అప్పుడే మందిరం కూలుస్తున్నారు. స్లాబు దింపేశారు. పొడవాటి ఇనుప మేకు బిగించిన యంత్రం పిల్లర్లను పొడుస్తోంది. ఊళ్లో వాళ్లు చాలామంది దూరంగా నిలబడి చూస్తున్నారు. యంత్రం నడిపే మనిషి దిగి చెమట తుడుచుకుంటూ ఎవరితోనో అన్నాడు.

"గీ రెండే అస్సలు పల్గుతలేవు. పొద్దటి సంది గుద్దుతున్న. ఖరాబు కాంక్రీటు అన్నరు, ఏడ ఖరాబు?"

నేను దగ్గరికి పోయాను. ద్రాక్ష తీగల బొమ్మ ఉన్న ప్లాస్టరు పెద్ద పెద్ద పెచ్చులుగా ఊడి కింద పడి ఉంది. ఒక పెచ్చు తిప్పి చూస్తే వెనక వైపు మట్టి, చీమల గూళ్లు. ఎప్పుడో పిల్లరును వదిలేసిన పెచ్చు అది. దాని వెనక కాంక్రీటు నీలి బూడిద రంగులో, గట్టిగా ఉంది. పగిలిన చోట కంకర రాళ్లు ఊడి రాలేదు, రాయి మధ్యలోంచే పగిలింది. సిమెంటు రాయిని అంత గట్టిగా పట్టుకుని ఉందన్నమాట. ఏ యంత్రమూ లేకుండానే నాకు తెలిసిపోయింది.

అయినా కారులోంచి పెట్టె తీశాను. రాళ్ల కుప్ప వెనక్కి పోయి, రెండు వైపులా చదునుగా మిగిలిన ఒక తూర్పు పిల్లరు ముక్క వెతుక్కుని, గ్రీజు రాసి బిళ్లలు పెట్టాను. లెక్క వచ్చింది. మిగతా ఆరు పిల్లర్ల కన్నా ఎక్కువ వేగం. మూడు సార్లు చూశాను. మూడు సార్లూ అంతే.

"మేడం! మీరే గదా గా దినం వచ్చింది?"

ఉలిక్కిపడ్డాను. నడి వయసు ఆమె, చేతిలో స్టీలు గ్లాసు. పెట్టె మూత టక్కున వేశాను.

"చాయ తాగుండ్రి. మా ఇల్లు గదే," అంది. "మీరు సూడకుంటె ఎన్నడో ఒక దినం పిలగాండ్ల మీద పడుతుండె. దేవుడే మిమ్ముల తోలిండు."

గ్లాసు తీసుకున్నాను. ఆమె ఆపలేదు.

"మేమంత తట్టలల్ల వాగు ఇసుక మోసినం. నడుములు ఇరిగినయి. గా మేస్త్రేమో మమ్ముల నమ్మిచ్చి ముంచిండు. సిమెంటు అమ్ముకున్నడని అంటున్నరు. మొగోళ్లు మందిరంల నిలదీసిన్రు. నేను తియ్యలే అని ఒక్కటే మాట అన్నడు, అంతే. గా దినం సంది ప్రార్థనకు వస్తలేడు. అగో, గాడ నిలబడ్డడు సూడుండ్రి."

రోడ్డు అవతల సైకిలు పట్టుకుని మేస్త్రి నిలబడి ఉన్నాడు. ఆ దూరం నుంచి కూడా ఆయనకు పగిలిన పిల్లర్లు కనిపిస్తూనే ఉంటాయి. నన్ను కూడా చూశాడు. నేను తల తిప్పుకున్నాను. చాయ మొత్తం తాగేశాను. గ్లాసు ఇచ్చి, "పోయొస్త అక్కా," అని కారు ఎక్కాను. అంత మర్యాదగా ఎట్లా అనగలిగానో నాకిప్పటికీ అర్థం కాదు.

కరీంనగర్ చేరాక మా సారుకు సగం చెప్పాను. కూలుస్తుంటే చూశాననీ, కాంక్రీటు బాగానే కనిపించిందనీ అన్నాను.

"గిలాబు తీసి చూసినప్పుడు మరి గట్లెందుకు వచ్చింది?" అని అడిగారు.

"ఏమో సార్, అర్థం కాలే," అన్నాను.

ఆయన నా ముఖం కేసి కాసేపు చూసి, యంత్రాన్ని సరిచేయించడానికి హైదరాబాద్ పంపారు. ఏ తప్పూ లేని యంత్రం రెండు వారాల తర్వాత తిరిగి వచ్చింది.

ఆ తర్వాత ఏడాది నేను ఎట్లా పని చేశానంటే, ఒక్కొక్క పిల్లరుకు అవసరమైన దానికన్నా రెండింతలు చెక్కించేదాన్ని. కూలీలు విసుక్కునేవాళ్లు. బయటివాళ్లకు అది శ్రద్ధలాగా కనిపించేది. మా సారు కొత్తగా చేరినవాళ్లకు నన్ను చూపించి, "ఆమెను చూసి నేర్చుకోండ్రి," అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా బాత్రూములోకి పోయి మొహం కడుక్కునేదాన్ని.

ఒకసారి సెలవుకు ఇంటికి పోయినప్పుడు అవ్వకు చెప్పాను. ఆమె చాటలో తునికాకు పెట్టుకుని బీడీలు చుడుతోంది. నేను చెబుతున్నంత సేపూ ఆమె చేతులు ఆగలేదు. చీర సంగతి, అబద్ధం సంగతి, చాయ సంగతి అన్నీ చెప్పాను. తిడుతుందనుకున్నాను.

"గా ముసలాయన గిప్పుడు ఏం జేస్తుండు?" అని అడిగింది.

"తెల్వదవ్వా."

అప్పుడు ఆమె చేతులు ఆగాయి.

"తెల్వదా?" అంది.

తర్వాత అవ్వే చెప్పింది. నా చిన్నప్పుడు ఒకసారి బట్టలో నూనె మరకలు పడితే సాంచాల యజమాని అయిన సేటు బాపును అందరి ముందూ దొంగ పని చేశావని అన్నాడట. మరకలు నూలులోనే ఉన్నాయని తర్వాత తేలింది. సేటు ఆ మాట బాపుకు ఎప్పుడూ చెప్పలేదట. "మీ బాపు గా సేటు ముందట మల్ల ఎన్నడు నవ్వలే," అంది అవ్వ. నాకు ఆ సంగతి అంతవరకూ తెలియదు.

తర్వాతి ఆదివారం పొద్దున్నే ఆ ఊరికి బయలుదేరాను. దారి పొడవునా ఏం చెప్పాలో కూర్చుకుంటూ, చెరుపుకుంటూ పోయాను. ఒకసారి మధ్యలో దిగి వెనక్కి వచ్చే బస్సు కోసం కూడా చూశాను.

మేస్త్రి ఇల్లు ఊరి చివర. ఆయన వాకిట్లో గొడ్లకు కుడితి పోసే సిమెంటు తొట్టిని తాపీతో నున్నగా రుద్దుతున్నాడు. నన్ను చూసి లేవలేదు. గడప దగ్గర ఆయన భార్య బియ్యం ఏరుతోంది.

"తాతా," అన్నాను. అంతకు ముందు ఆయన్ని నేనట్లా పిలవలేదు. "నేను చెప్పేది ఒకటున్నది."

కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను. కూర్చుకున్న మాటలేవీ రాలేదు. ఆ రెండు పిల్లర్లకు గిలాబు తీయలేదనీ, తీశానని రాశాననీ, ఆయన కట్టిన పిల్లర్లలో ఏ దోషమూ లేదనీ చెప్పాను.

ఆయన తాపీని నీళ్లలో ముంచి, తొట్టి అంచును మళ్లీ రుద్దాడు.

"నాకెరికే బిడ్డా," అన్నాడు. "నేను కట్టింది నాకెరుక గాదా? కూలగొట్టిన దినం గూడ సూసిన. నువ్వు కుప్ప ఎనుక కూసోని మిషన్ వెట్టుడు గూడ సూసిన."

తలెత్తకుండానే అడిగాను.

"మరి ఎందుకు చెప్పలే తాతా వాళ్లకు?"

"నా మాట ఎవలు ఇంటరు? నువ్వు కాయితం మీద రాసినవ్. నేను నోటితోని చెప్పాల్నా?" తాపీ కింద పెట్టాడు. "నాకెరికైన ముచ్చటే నాకు జెప్పవడితివి. నాకేం ఫాయిదా? ఎరుక లేనోళ్లు గాడ ఉన్నరు. ఆళ్లకు జెప్పు."

ఆయన భార్య చాట పక్కన పెట్టి లేచింది. నా ముందుకు వచ్చి నిలబడింది.

"నిజంగ జెప్తవా? లేకుంటె మా ముందట ఉత్తగ ఏడ్సి పోతవా?"

"చెప్త అవ్వా."

"అయితే నడువు," అని చెప్పులేసుకుంది. మేస్త్రి రాలేదు.

కొత్త మందిరానికి అప్పటికి గోడలే లేచాయి, పైన రేకులు వేసుకున్నారు. ఆరాధన అయిపోయే వేళకు పోయాం. మేస్త్రి భార్యను చూడగానే లోపల గుసగుసలు మొదలయ్యాయి. ఆమె పాస్టరు గారి దగ్గరికి పోయి, "గీ పిల్ల ఒక మాట జెప్తదట, జెప్పనియ్యుండ్రి అయ్యగారు," అంది.

అంతమంది ముందు నిలబడ్డాను. చాప మీద కూర్చున్న ఆడవాళ్లు, కుర్చీల్లో పెద్దవాళ్లు. చెప్పాను. యంత్రం ఎట్లా పని చేస్తుందో చెప్పలేదు. అది చెబితే దాని వెనక దాక్కున్నట్టు అవుతుంది. బస్సు కోసం తొందరపడి పని సరిగా చేయలేదనీ, చేశానని అబద్ధం రాశాననీ, మేస్త్రి మొదటి రోజే సరిగ్గా చెప్పినా ఆయన నోరు మూయించాననీ, పాత మందిరం ఇంకా ఎన్నో ఏళ్లు నిలబడేదనీ చెప్పాను.

రేకుల మీద పక్షి నడుస్తున్న చప్పుడు వినిపించింది. తర్వాత వెనక నుంచి ఒకామె లేచింది. నాకు చాయ ఇచ్చినామె.

"గా దినం మా చాయ తాగినవ్ గదమ్మా," అంది. "గప్పటికే ఎరికేనా నీకు?"

"ఎరికే అక్కా."

"నేను గా మేస్త్రిని తిడుతుంటె ఇనుకుంట తాగినవా?"

"అవును."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయింది. ఆమె ఏడ్చింది నా మీద కోపంతో కాదు. తాను మేస్త్రిని అన్న మాటలు గుర్తొచ్చి ఏడ్చింది. నేను చేసిన దానికి ఆమె కూడా సిగ్గుపడాల్సి వచ్చింది. అది నేను ముందుగా ఊహించలేదు.

ఒకాయన గట్టిగా అరిచాడు. "మా అవ్వ గా మందిరానికి ఇసుక మోసి మోసి సచ్చిపోయింది. గిప్పుడు వచ్చి తప్పయిందంటే అయిపాయెనా?" ఇంకొకాయన ఆయన్ని కూర్చోబెట్టాడు. పాస్టరు గారు తల వంచుకున్నారు. చివరికి, "నేను గూడ అడగలే," అన్నారు. "ఆయన గిలాబు డొల్ల అన్నప్పుడు నేను పక్కనే ఉన్న. ఒక్క దెబ్బ కొట్టి సూద్దాం అనలే."

మేస్త్రి భార్య అందరి వైపూ ఒకసారి చూసి బయటికి నడిచింది. నేను ఆమె వెనకాలే పోయాను. ఇంటి దగ్గర మేస్త్రి ఏమైందని అడగలేదు. నా వైపు చూసి ఒకే మాట అన్నాడు.

"నోటితోని జెప్పింది గాలికి పోతది. రాసియ్యి."

ఆయన మనవరాలి నోటు పుస్తకంలోంచి చింపిన కాగితం మీద, వాళ్లింటి గోడకు ఆనుకుని కూర్చుని రాశాను. సంతకం పెట్టి, కింద నా సర్టిఫికెట్ నంబరు వేశాను. ఆయన వాక్యం వాక్యం చదివాడు. 'పొరపాటు జరిగింది' అని రాసిన చోట వేలు పెట్టి, "జరిగింది గాదు, చేసిన అని రాయి," అన్నాడు. కొట్టేసి మళ్లీ రాశాను.

సోమవారం మా సారుకు మొత్తం చెప్పాను. ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది.

"మిషన్ లెక్క చదువుట్ల తప్పయితే సర్దుకుంటుంటి," అన్నారు. "అబద్ధం మీద నాతోని సంతకం పెట్టించినవ్."

వారంలోపే సంస్థ తరఫున తప్పు ఒప్పుకుంటూ ఉత్తరం పంపారు. కొత్త కట్టడానికి చేయగలిగిన సాయం చేస్తామని కూడా రాశారు. సంఘం వాళ్లు వద్దన్నారు. సారు నన్ను ఆ నెలాఖరుకు మానేయమన్నారు. మానేశాను. కొన్నాళ్లు ఖాళీగా ఉండి, తర్వాత హుజూరాబాద్‌లో ఒక చిన్న పని దొరికితే చేరాను. మానేసిన కారణం అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పాను. వాళ్లు నన్ను తీసుకున్నారు గానీ మొదటి ఏడాది నా రిపోర్టులన్నీ ఇంకొకరు సరిచూసేవాళ్లు. అది నాకు న్యాయంగానే తోచింది.

మేస్త్రి గురించి నాకు తర్వాత తెలిసింది కొంచెమే. సంఘం పెద్దలు ఇంటికి పోయి ఆయన్ని క్షమాపణ అడిగారట. చాలా వారాలు ఆయన రాలేదట. తర్వాత ఒక ఆదివారం వచ్చి అందరికన్నా వెనక కూర్చున్నాడట. వాక్యం చదవమని పాస్టరు గారు పిలిస్తే, కళ్లు కనబడతలేవని అన్నాడట. కొత్త మందిరం స్లాబు ఇంకెవరో మేస్త్రి వేశాడు. ముందు ఈయన్నే వేయమని అడిగారు, ఈయన ఒప్పుకోలేదు. ఇవన్నీ ఆయన భార్య ఫోనులో చెప్పింది. ఆమె నాకు ఫోను చేయడం అదొక్కసారే.

మొన్న చలికాలంలో పని మీద ఆ వైపు పోయినప్పుడు ఖానాపూర్ అంగట్లో ఆయన కనిపించాడు. మిరపకాయల కుప్ప దగ్గర బేరం చేస్తున్నాడు. మనిషి బాగా వంగిపోయాడు. తప్పించుకుని పోదామనే అనుకున్నాను. ఆయనే నన్ను చూసి ఆగాడు.

"మంచిగున్నవా బిడ్డా?"

"మంచిగున్న తాతా. నువ్వు?"

"ఆఁ, నడుస్తున్నది. పని దొరికిందా?"

"దొరికింది."

"మంచిగ జెయ్యి," అని సంచి భుజాన వేసుకుని నడిచాడు. నేను అక్కడే నిలబడ్డాను. ఆయన అంత మామూలుగా పలకరించడం నాకు తిట్టినదాని కన్నా కష్టంగా ఉంది. మిరపకాయలు అమ్మే ఆమె, ఏం కావాలి అని రెండోసారి అడిగేదాకా నాకు వినపడలేదు. ఏదో ఒకటి కొనాలి కాబట్టి పావుకిలో కొనుక్కుని బస్సెక్కాను.